చెప్పినవన్నీ నిజమే అనుకున్నా

జూన్ 11

వదినగారికి,

నమస్కారం. మీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ నేను మామూలే.

దావా ఎంతవరకు వచ్చిందో రాయమన్నారు. నిన్న మా వకీలు ఒక కాగితం ఇచ్చాడు. ఆసుపత్రివాళ్ళు కోర్టులో ఏదో దరఖాస్తు వేశారట. రెండు పేజీలు. మొదటి పేజీ చివర ఈ వాక్యం ఉంది: "వాది తన దావాలో చెప్పినవన్నీ నిజమే అనుకున్నా, ఈ దావా చెల్లదు." ఆ తరవాత దావా కొట్టివేయమని అడిగారు.

కొట్టివేయమనడం వాళ్ళ అవసరం. నాకు ముందు మాట చాలు. మీ చెల్లెలు పోయిన ఏడు నెలలకి వాళ్ళు నిజం ఒప్పుకున్నారు.

ఆగలేక ఇవాళ బస్సు డిపోలో షిఫ్టు దిగగానే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు మెట్ల మీద ఎదురయ్యాడు. "మీరు ఒప్పుకున్నారు. అది చాలు" అని నమస్కారం పెట్టాను. "ఏం ఒప్పుకున్నామండీ?" అన్నాడు. "చెప్పినవన్నీ నిజమేనని" అన్నాను. వెనకున్న కాంపౌండరు గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. "మా లాయరుగారితో మాట్లాడుకోండి" అని డాక్టరు దిగి వెళ్ళిపోయాడు. నవ్వెందుకో నాకు అర్థం కాలేదు.

చీటీలు రాసే కిటికీలో ఆ రోజు మీ చెల్లెలికి చీటీ రాసిన నర్సు లేదు. వేరే అమ్మాయి కూర్చుంది.

వాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టి దావా ఇక్కడితో ఆపేయవచ్చా? నాకు ఆపేయాలని ఉంది. ముప్ఫై ఒక్కేళ్ళు కోర్టులో బెంచి క్లర్కుగా చేశారు, మీకు తెలుస్తుంది.

కుట్టుమిషను ఎక్కడిదక్కడే ఉంది. సూది కింద తను సగం కుట్టిన కాలరు కూడా.

మీ మరిది

*

జూన్ 19

మరిదికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి నవ్వినందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. మోకాలి సంగతి అడిగావు, అది నా మాట వినడం ఎప్పుడో మానేసింది.

డిగ్రీ చదివినవాడివి, డిపోలో అందరూ గడియారంగారని పిలిచేవాడివి, ఒక్క దీర్ఘం దగ్గర బోల్తాపడ్డావు. "అనుకున్నా" అంటే మనం మాటల్లో అనే "అనుకున్నాను" కాదు నాయనా. "అనుకున్నప్పటికీ" అని. నువ్వు మహారాజువే అనుకున్నా ఈ కుర్చీ నాదే అంటే, నిన్ను మహారాజుగా ఒప్పుకున్నట్టా? వాళ్ళు ఏమీ ఒప్పుకోలేదు. నువ్వు వెళ్ళి దణ్ణం పెట్టొచ్చావు. సరే, దణ్ణానికి ఖర్చు లేదు.

దరఖాస్తు అంటే ఏమిటో నీ భాషలో చెబుతాను. దావా నీ డిపోలో బయల్దేరిన బస్సు. చివరి స్టాపు తీర్పు. దారిలో చెయ్యెత్తేవాళ్ళవన్నీ దరఖాస్తులు. ఒకడు కాసేపు ఆపమంటాడు. ఒకడు లోపలున్న సామాను దించి చూపించమంటాడు. ఇంకొకడు అసలిది ఈ రూటు బస్సే కాదు, తిప్పి షెడ్డుకి పంపమంటాడు. నీకొచ్చింది ఈ రకం. చెయ్యెత్తినంత మాత్రాన బస్సు ఆగదు. ఎందుకు ఆపకూడదో చెప్పుకునే హక్కు నీకుంది, దాన్ని కౌంటర్ అంటాం. రెండూ విని జడ్జిగారు ఉత్తర్వు ఇస్తారు. అడిగేది ఏదైనా చివర్న "ప్రార్థన" అని రాస్తారు. మా కోర్టులో జరిగినన్ని ప్రార్థనలు ఏ గుళ్ళోనూ జరగలేదని మా బంట్రోతు అనేవాడు.

ఈ రకం దరఖాస్తులో ఒక చిత్రం ఉంది. ఆ ఒక్కరోజుకి జడ్జిగారు నువ్వు రాసిందంతా నిజమనే అనుకోవాలి. సాక్షులుండరు, ఎదురు ప్రశ్నలుండవు. నీ కాగితం ఒక్కటే. కాబట్టి నీ దావాలో నాలుగో పేరా గట్టిగా పట్టుకో. మధ్యాహ్నం ఒంటిగంటకి నొప్పి మొదలైంది, ఇరవై నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చావు, వాళ్ళు గంటా పది నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టారు. వాళ్ళ తప్పు కప్పిపుచ్చుకోవడానికి చీటీలో "ఉదయం నుంచి నొప్పి" అని ఆ నర్సు చేత రాయించారు. ఇంతే. ఇదే చాలు.

ఆపేయడం అనే మాట మళ్ళీ రాయకు. చెల్లి కోసం మనం చేయగలిగింది ఇదొక్కటే మిగిలింది.

వేళకి తిను. టైంటేబుల్ రాసేవాడికి ఆ మాట చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ తినవని నాకు తెలుసు.

వదిన

*

జూలై 8

వదినగారికి,

మీరు నవ్వినందుకు బాధ లేదు. డాక్టరు ముఖం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ వీధిలోంచి వెళ్ళడం మానేశాను. చుట్టూ తిరిగి పోతే నాలుగు నిమిషాలు ఎక్కువ.

మొన్న దరఖాస్తు విచారణకి వచ్చింది. గది చిన్నది. ఫ్యాను రెక్క ఒకటి వంగి, తిరిగినప్పుడల్లా టక్కుమంటుంది. పదకొండు కేసుల్లో నాది తొమ్మిదోది. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని నాలుగో పేరా పైకి చదివారు. "ఇది నిజమే అనుకుందాం" అన్నారు. "అనుకుందాం సార్" అన్నాడు అవతలి లాయరు. "అనుకోవాల్సిందే సార్" అన్నాడు మా వకీలు. ముగ్గురు చదువుకున్నవాళ్ళు అలా అనుకుంటూ ఉంటే నేను నా చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళ దరఖాస్తు కొట్టేశారు. దావా సాగుతుంది. మా వకీలు "నాలుగో పేరానే మనల్ని ఒడ్డున పడేసింది" అని వీపు తట్టాడు.

డిపోలో హారన్ అని పిలుచుకునే డ్రైవరు అందరికీ టీ ఇప్పించాడు. "బస్సు లేటు రెండు నిమిషాలు తగ్గించి రాయండి సార్, మెమో తప్పుతుంది అని ఈయన్ని బతిమాలుకున్నాను. రాశాడా? రాయలేదు. నాకు మెమో పడింది. అలాంటి మనిషి కోర్టులో ఓడిపోతాడా?" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను టీ సగం వదిలేశాను.

కాంపౌండరు బస్సు కోసం వచ్చి ఒక సంగతి చెప్పాడు. చీటీ రాసిన నర్సుని దావా పడిన వారానికే కిటికీలోంచి తీసేశారట. ఇప్పుడు దుప్పట్లు ఉతికే గదిలో పని. "తప్పుడు రాత రాసిందని మీరే అన్నారుగా" అన్నాడు.

ఇప్పుడు వాళ్ళు ఇంకో దరఖాస్తు వేశారు. డిపో ఫోను పుస్తకం కోర్టుకి తెప్పించమని. డిపోకి వచ్చే ప్రతి ఫోనూ అందులో ఎక్కిస్తాం. టైము, ఎవరి నుంచి, ముఖ్యమా కాదా. పొద్దుటి షిఫ్టులో రాసేది నేనే. భర్తకి ఫోను చేశానని మీ చెల్లెలు చీటీ కిటికీ దగ్గర చెప్పిందని వాళ్ళంటున్నారు.

దీన్ని అడ్డుకోవచ్చా? ఆ పుస్తకంలో డ్రైవర్ల సొంత సంగతులు చాలా ఉంటాయి. బయటపడితే వాళ్ళకి ఇబ్బంది.

మీ మరిది

*

జూలై 17

మరిదికి,

గెలిచినవాడు రాసినట్టు లేదు నీ ఉత్తరం. సంతాప సందేశంలా ఉంది. దావాలో తొలి మెట్టు ఎక్కావు. కాస్త తల ఎత్తు.

ఫోను పుస్తకం తెప్పించమనేది సామాను దించి చూపించమనే రకం దరఖాస్తు. అడ్డుకోవచ్చు. అడ్డుకో. దావాకి సంబంధం లేని కాగితమని కౌంటర్ వేయించు. బయటివాళ్ళ గుట్టు ఉందని కూడా రాయించు. పెళ్ళాం పోయిన దుఃఖంలో కూడా డ్రైవర్ల గుట్టు గురించి బెంగపడేవాడివి నువ్వొక్కడివే ఉంటావు. చెల్లి ఊరికే అనేది కాదు, "మా ఆయన అబద్ధం చెప్పాలంటే ముందు సెలవు చీటీ రాసివ్వాలి" అని.

నర్సు గురించి నువ్వు మథనపడకు. దావాల్లో అటూ ఇటూ నలిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఇంకో సంగతి. నేను కూడా ప్రమాణపత్రం ఇస్తున్నాను. ఆ సాయంత్రం ఫోనులో నువ్వు నాతో ఒంటిగంట అనే చెప్పావు కదా. దావా వేయకముందు, ఏ వకీలు మొహమూ చూడకముందు చెప్పిన మాట, దానికి బలం ఎక్కువ. టైపు చేయించాను. సోమవారం నోటరీ ముందు సంతకం పెడతాను. బోనెక్కిన వందలమంది చేత ప్రమాణం చేయించాను, నా చేత ఎవరూ చేయించలేదు. ఇన్నాళ్ళకి నా వంతు వచ్చింది.

ఒకటి అడుగుతాను, దాచకుండా రాయి. ఆ రోజు దారిలో చెల్లి ఇంకేమైనా చెప్పిందా? ఎవరి గురించైనా? చెప్పకపోతే చెప్పలేదనే రాయి.

వదిన

*

జూలై 20

వదినగారికి,

ఇది సోమవారం లోపు మీకు అందాలి. పోస్టుని నమ్మలేక హారన్ చేతికిచ్చి పొద్దుటి బస్సులో పంపుతున్నాను.

సంతకం పెట్టకండి.

నొప్పి ఒంటిగంటకి మొదలుకాలేదు. పొద్దున తొమ్మిది నలభైకి మీ చెల్లెలు డిపోకి ఫోను చేసింది. "కడుపులో నొప్పిగా ఉందండీ, కాస్త తొందరగా రాగలరా?" అంది. ఆ రోజు ఇద్దరు కండక్టర్లు రాలేదు. మూడు బస్సులు షెడ్డులోనే ఉన్నాయి. "ఒంటిగంటకి దిగుతాగా, అప్పుడొస్తాను" అన్నాను. "సరేలెండి" అంది. విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే వెళ్ళేవాణ్ణేమో.

ఫోను పెట్టేసి పుస్తకంలో రాశాను. 9.40. ఇంటి నుంచి. మూడో గడిలో "ముఖ్యం కాదు" అని రాశాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. తొందరలో రాసినవి కావు.

ఒంటిగంటకి దిగి ఇంటికి వెళ్ళేసరికి తను కుట్టుమిషను ముందు స్టూలు మీద ముందుకి వంగి కూర్చుని ఉంది. ఆ తరవాత నేను రాసినదంతా నిజం. ఇరవై నిమిషాలు నిజం. బెంచీ మీద గంటా పది నిమిషాలు నిజం. నర్సు "ఎప్పటినుంచి?" అని అడిగితే, "పొద్దున్నుంచి" అని తనే చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

సాయంత్రం మీకు ఫోను చేసినప్పుడు మీరు అడిగిన మొదటి ప్రశ్న "ఎప్పుడు మొదలైంది?" అని. ఒంటిగంట అన్నాను. ఆలోచించి అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. అప్పుడు మీరు ఇరవై నిమిషాల్లో తీసుకెళ్ళినా కాపాడలేదంటే వాళ్ళదే తప్పన్నారు, దావా వేయమన్నారు. కాదనాలంటే మొదటి మాట వెనక్కి తీసుకోవాలి. తీసుకోలేకపోయాను. అది నాలుగో పేరా అయింది.

వాళ్ళు ఒప్పుకున్నారనుకుని పరుగెత్తినప్పుడు కూడా సంతోషంతో కాదు. ఇంక ఎవరూ ఏమీ అడగరని.

పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మొన్న సంచిలో పెట్టి తెచ్చుకున్నాను. స్టోర్సు ఆయన అడక్కుండానే అన్నాడు, "చెదలు తిన్నాయని రాసేద్దాం గడియారంగారూ, మీకోసం ఆమాత్రం చెయ్యలేమా?" అని. డిపోలో అందరూ నన్ను నమ్ముతున్నారు కాబట్టి నాకోసం అబద్ధమాడటానికి సిద్ధంగా ఉన్నారు. ఇంతకంటే తలవంపు లేదు.

దారిలో తను ఎవరి గురించీ ఏమీ చెప్పలేదు. మిషను మీద నూనె డబ్బా మూత పెట్టలేదని మాత్రం అంది.

మీ ముందు నిలబడి చెప్పాల్సింది కాగితం మీద చెబుతున్నాను. అదీ సిగ్గే.

మరిది

*

ఆగస్టు 9

వదినగారికి,

జవాబు లేదు. అడగను.

పుస్తకం తిరిగి డిపోలో పెట్టాను. మా వకీలుకి అంతా చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. "ఇంకెవరికైనా చెప్పారా?" అన్నాడు. మీకని చెప్పాను. "ఆవిడ కోర్టు మనిషి, ఆవిడకి తెలుసు ఏం చెయ్యాలో" అన్నాడు. రెండు దారులున్నాయట. ఒకటి ఉపసంహరణ. దావా వెనక్కి తీసుకుంటున్నామని ఒక్క పేజీ. కారణం చెప్పక్కర్లేదు. పుస్తకం ఎవరూ తెరవరు. రెండోది సవరణ. నాలుగో పేరా మార్చుకుంటామని దరఖాస్తు. అందులో మొదట రాసింది ఎందుకు తప్పో ప్రమాణం చేసి చెప్పాలి. అది కోర్టులో పైకి చదువుతారు. ఆయన మొదటిదే మంచిదంటున్నాడు. "పరువు దక్కుతుంది సార్."

నాకు కూడా మొదటిదే కావాలనిపించింది. ఆ మాట కూడా మీకు తెలియాలని రాస్తున్నాను.

మరిది

*

ఆగస్టు 23

మరిదికి,

నెల రోజులు నీమీద కోపంతో రాయలేదనుకుని ఉంటావు. అలా అనుకుంటే నాకు సుఖంగానే ఉండేది. ఇంకో నెల అలాగే వదిలేద్దామనిపించింది.

సంతకం పెట్టలేదు. నీ ఉత్తరం హారన్ తెచ్చి నా చేతిలో పెట్టేసరికి నేను చెప్పులు వేసుకుంటున్నాను. నన్ను ఆపింది నీ ఉత్తరమే. నా అంతట నేను ఆగలేదు.

చెల్లి నీకంటే ముందు నాకు ఫోను చేసింది. తొమ్మిదింబావుకి. "నొప్పిగా ఉందక్కా, ఆయనకి ఫోను చెయ్యనా?" అంది. నేనేమన్నానో తెలుసా? "గ్యాసు అయ్యుంటుంది. షిఫ్టులో ఉన్న మనిషిని కంగారు పెట్టకు. ఒంటిగంటకి ఎలాగూ వస్తాడుగా" అన్నాను. ఇరవై అయిదు నిమిషాలు నా మాట విని ఊరుకుంది. ఆ తరవాత నీకు చేసింది. "సరేలెండి" అని నీతో అన్నది కూడా నా మాట మీదే అయ్యుంటుంది. చెల్లి నా మాట ఎప్పుడు కాదంది?

అంటే మరిదీ, ఆ సాయంత్రం నువ్వు ఒంటిగంట అన్నప్పుడే అది నిజం కాదని నాకు తెలుసు.

ఎందుకు ఊరుకున్నానంటావేమో. చెల్లి దారిలో నీకు నా సంగతి చెప్పేసిందనుకున్నాను. నా పరువు కాపాడటానికి టైము మార్చి చెబుతున్నావనుకున్నాను. నా మరిది ఎంత మంచివాడు అనుకున్నాను. నీ అబద్ధంలో నాకూ కాస్త చోటు దొరికింది. అందులో సర్దుకుని కూర్చున్నాను. ఒంటిగంటకే నొప్పి మొదలైతే నాకు తొమ్మిదింబావుకి ఫోను రానట్టేగా. దావా వేయమన్నది అందుకే. కోర్టు కూడా ఆ టైముకి ముద్ర వేస్తే అదే నిజమైపోతుందని. ఫోను పుస్తకం అడ్డుకోమన్నది కూడా డ్రైవర్ల మీద ప్రేమతో కాదు. దారిలో ఏమైనా చెప్పిందా అని నేనడిగితే నువ్వు నూనె డబ్బా మూత గురించి రాశావు. అది చదివి వంటగదిలో కింద కూర్చుండిపోయాను.

అబద్ధపు సాక్ష్యం చెప్పేవాళ్ళని ముప్ఫై ఒక్కేళ్ళు చూశాను. ప్రమాణం చేయిస్తున్నప్పుడే నాకు తెలిసిపోయేది, మెడ దగ్గర నరం కొట్టుకునేది. ఇంటికొచ్చి మీ అన్నకి చెప్పి నవ్వుకునేదాన్ని. ఈ నెలంతా అద్దం చూడలేదు.

ఇంక పని మాట. ఉపసంహరణ వద్దు. దావా వెనక్కి తీసుకుంటే మన ఇద్దరి పరువూ దక్కుతుంది, నీ వకీలు చెప్పింది నిజమే. కానీ ఆ నర్సు తప్పుడు రాత రాసిందన్న మాట మనం రాసిన కాగితంలో అలాగే ఉండిపోతుంది. ఆ అమ్మాయి దుప్పట్లగదిలో అలాగే ఉండిపోతుంది. నలిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారని నీకు రాశాను చూడు, ఆ ఉత్తరం దొరికితే చింపెయ్యి. వద్దులే, ఉంచు.

సవరణ వెయ్యి. వకీలు భాషలో వద్దు, నువ్వే రాయి, ఫోను పుస్తకంలో రాసినట్టు. దీనితో నా ప్రమాణపత్రం పంపుతున్నాను. ఈసారి తొమ్మిదింబావు అని ఉంది. సంతకం పెట్టాను. నోటరీ నన్ను గుర్తుపట్టి, "మీకు ప్రమాణం చదివి వినిపించాలా అమ్మా, మీకు కంఠతా వచ్చుగా" అన్నాడు. వినిపించమన్నాను. నిలబడి విన్నాను.

విచారణకి నేనూ వస్తాను. రావద్దంటే మానేస్తాను.

వదిన

*

సెప్టెంబర్ 27

వదినగారికి,

రండి.

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఏం రాయాలో తెలియక సవరణ విచారణకి మిమ్మల్ని పిలవలేకపోయాను. మీమీద కోపం వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను. రాలేదు. తను ఇద్దరికి ఫోను చేసింది. ఇద్దరం ఒకే మాట చెప్పాం. ఇంతకుమించి ఆలోచించలేకపోతున్నాను.

సవరణ దరఖాస్తు పోయిన వారం విచారణకి వచ్చింది. అదే గది, అదే ఫ్యాను. జడ్జిగారు కొత్త నాలుగో పేరా మౌనంగా చదివి, తరవాత పైకి చదివారు. నేను రాసింది అయిదు వాక్యాలు. తొమ్మిదింబావుకి ఒక ఫోను, తొమ్మిది నలభైకి ఒక ఫోను. ముఖ్యం కాదని రాశాను. ఒంటిగంటకి వెళ్ళాను. చీటీలో నర్సు రాసింది నా భార్య చెప్పిన మాటే. ఆ తరవాత మమ్మల్ని గంటా పది నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టారు.

"ఇది మొదట ఎందుకు రాయలేదు?" అని జడ్జిగారు అడిగారు. మా వకీలు లేవబోయాడు. "ఆయన్ని చెప్పనివ్వండి" అన్నారు. "సిగ్గేసిందండీ" అన్నాను. వేరే మాట దొరకలేదు. సవరణకి అనుమతిస్తూ, కోర్టుని తప్పుదారి పట్టించినందుకు నన్ను మందలిస్తున్నట్టు ఉత్తర్వులో రాయించారు. క్లర్కు ఆ మాట రాస్తున్నప్పుడు మీరు గుర్తొచ్చారు.

బయట వరండాలో నర్సు ఉంది. ఆసుపత్రివాళ్ళు సాక్షిగా పిలిపించారట. చేతులు బట్టలుతికే సోడాకి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఈసారి నమస్కారం పెట్టడానికి చేతులు రాలేదు.

"రాసింది ఆవిడకి చదివి వినిపించానండీ" అంది. "పొద్దున్నుంచి అని. తలూపారు. మీరూ విన్నారు."

"విన్నానమ్మా."

"మరి ఆ మాట మొదటే చెప్పొచ్చుగా."

జవాబు కోసం ఆగకుండా ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్ళిపోయింది. సోమవారం నుంచి మళ్ళీ కిటికీలో కూర్చోమన్నారని కాంపౌండరు చెప్పాడు.

డిపోలో అందరికీ తెలిసింది. స్టోర్సు ఆయన నా వైపు చూడటం లేదు. హారన్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బస్సు రెండు నిమిషాలు లేటుగా తెచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఎంత రాస్తారు?" అన్నాడు. "రెండు" అన్నాను. "రాయండి" అని వెళ్ళిపోయాడు.

నిన్న ఆసుపత్రివాళ్ళు మళ్ళీ దరఖాస్తు వేశారు. దావా కొట్టివేయమనే. సవరించిన దావా మీద అలా అడిగే హక్కుందట. మొదటి పేజీ చివర అదే వాక్యం ఉంది. "వాది తన దావాలో చెప్పినవన్నీ నిజమే అనుకున్నా, ఈ దావా చెల్లదు." చాలాసేపు చూశాను. కొట్టివేస్తారేమో తెలియదు. గంటా పది నిమిషాలకి తీర్పు వస్తుందో రాదో తెలియదు. కానీ ఈసారి నేను చెప్పినవన్నీ నిజమని జడ్జిగారు అనుకోనక్కర్లేదు, అవి నిజమే.

విచారణ వచ్చే నెల పదహారో తారీకు. మీ ఊరి బస్సు మా స్టాండుకి తొమ్మిది నలభైకి వస్తుంది. మోకాలితో మెట్లు దిగడానికి తొందరపడకండి. తొమ్మిదిన్నరకే వచ్చి నిలబడతాను.

మరిది